రెండో పలక

మా కాలేజీ స్టాఫ్‌రూములో ఎవరింట ఏ వేడుక జరిగినా, అది ఆదివారం పడిందంటే వసుమతి రాదని అందరికీ తెలుసు. నందిగామలోనే రెండు వీధుల అవతల గృహప్రవేశమైనా సరే, ముందురోజు సాయంత్రమే వచ్చి, ఇంకా రంగు ఆరని గోడల మధ్య నిలబడి, పళ్ళూ తాంబూలం చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. జగ్గయ్యపేటలో ఈవిడకి ఆదివారం ఉద్యోగం ఇంకొకటుందని మేం ఎగతాళి చేసేవాళ్ళం. ఆమె నవ్వేది కాదు. కామర్సు పాఠం చెబుతూ కూడా వెనక బెంచీని నవ్వించగల మనిషి ఆ ఒక్క మాటకీ నవ్వకపోవడం నాకు వింతగా ఉండేది. ఒక ఆదివారం నేను కూడా అటువైపు వెళ్ళాల్సి వచ్చి, బస్సులో ఆమె పక్కన కూర్చున్నాను. చిల్లకల్లు దాటేలోపు సగం చెప్పింది, మిగతా సగం తిరుగు ప్రయాణంలో చెప్పింది. ఆ తరవాత నేనూ ఎగతాళి మానేశాను.

వసుమతి వాళ్ళది వీరులపాడు. తండ్రికి అక్కడ చిన్న కొట్టు ఉండేది. తొంభైల మొదట్లో ఇంటర్మీడియట్ చదవడానికి కూతుర్ని జగ్గయ్యపేటలో తన చెల్లెలు బాలామణి ఇంట్లో పెట్టాడు. బాలామణి భర్త కుటుంబరావు అక్కడ కిరాణా హోల్‌సేలు వ్యాపారి. కింద షాపు, మీద ఇల్లు. ఎండుమిర్చి బస్తాలు దిగిన రోజున మేడమీద పూజగదిలో దేవుళ్ళకి కూడా తుమ్ములొచ్చేవని వసుమతి అంటుంది. ఇంటర్మీడియట్ అయ్యాక డిగ్రీ, డిగ్రీ అయ్యాక పీజీ ప్రవేశపరీక్ష, ఇలా ఆ పిల్ల అక్కడ దాదాపు ఆ ఇంటి కూతురిలాగే పెరిగింది.

బాలామణికి చదువు పిచ్చి. పిచ్చి అని నేను అనడం లేదు, కుటుంబరావు అనేవాడట. వారపత్రికలు నాలుగు రకాలు తెప్పించుకునేది. అయితే ఆవిడ చదివేది తక్కువ, దాచేది ఎక్కువ. సీరియల్ పేజీలు వారం వారం కత్తిరించి, అన్ని వారాలూ పూర్తయ్యాక షాపులోని పురికొసతో కుట్టి, సబ్బుల పెట్టెల అట్టలు కోసి బైండు వేసేది. అట్ట తిప్పి చూస్తే లోపలివైపు ఏదో సబ్బు పేరు తలకిందులుగా కనిపించేది. అట్లాంటి బైండు పుస్తకాలు బీరువాలో రెండు అరల నిండా ఉండేవి. వాటిలో చాలావాటిని ఆవిడ తెరవనే లేదు. అత్తమామలు, ఆడపడుచులు, పైనుంచి మిర్చి సీజనులో హమాలీలకి కూడా ఆ ఇంట్లోంచే భోజనాలు. కథ మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు, పిలిస్తే లేవాలి. ముక్కలుగా చదవడం ఆవిడకి ఇష్టం లేదు. తీరిక దొరికాక అన్నీ వరసగా చదువుకుంటాననేది. తీరిక అనేది ఒక ఊరైతే, బాలామణి అక్కడికి వెళ్ళడానికి ముప్పయ్యేళ్ళ పాటు సామాను సర్దుకుంది.

ఆవిడ గురించి ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఒక ఎండాకాలం వసుమతి తండ్రి చెల్లెలికి చీర తెచ్చాడు. చిలకాకుపచ్చ రంగు, మెడ దగ్గర గీరుకునే మోటు జరీ. బాలామణి అప్పటికప్పుడు మడత విప్పి కట్టుకుని, షాపుకొచ్చిన ఆడవాళ్ళందరికీ చూపించి, అన్నయ్య బస్సెక్కేదాకా అదే చీరతో తిరిగింది. సాయంత్రం మెడంతా ఎర్రగా పొక్కింది. వసుమతి కొబ్బరినూనె రాస్తూ, నచ్చలేదని చెప్పొచ్చు కదా అంది.

"పుట్టింటి నుంచి వచ్చినదానికి వంక పెడతారటే?" అంది బాలామణి. అదేదో కొత్తగా నేర్పాల్సి వచ్చినందుకు ఆశ్చర్యపోయినట్టు అందట.

అన్నయ్య తరవాత కాలంలో పోయాడు. వసుమతికి తోబుట్టువులు లేరు. కనక బాలామణికి పుట్టిల్లు అని చెప్పుకోవడానికి మిగిలింది వసుమతి ఒక్కతే. నందిగామలో లెక్చరరు ఉద్యోగం, పెళ్ళి, సంసారం, ఇవన్నీ వచ్చినా ఆమె మేనత్త ఇంటికి ఖాళీ చేతులతో వెళ్ళేది కాదు.

రెండువేల ఐదులో కుటుంబరావు పోయాడు. కొడుకు సాయిప్రసాద్ షాపు చూసుకోవడం మొదలుపెట్టాడు, కోడలు ఆమని వంటింటిని తన చేతుల్లోకి తీసుకుంది. మంచి పిల్ల, అత్తగారిని పీటమీంచి లేవనిచ్చేది కాదు. తీరిక వచ్చింది. దానితో పాటే కళ్ళ జబ్బు కూడా వచ్చింది. అక్షరాలు మధ్యలో మాసిపోతున్నాయని బాలామణి చెబితే, సాయిప్రసాదూ వసుమతీ కలిసి విజయవాడ తీసుకెళ్ళారు. చూపు మధ్యభాగం మెల్లమెల్లగా పోతుందనీ, అంచుల్లో మిగులుతుందనీ డాక్టరు చెప్పాడు. మనిషి తిరగగలదు, పనులు చేసుకోగలదు, చదవడం మాత్రం పోతుంది. ఎప్పటికి పోతుందని వసుమతి అడిగింది. చెప్పలేనన్నాడు. పెద్ద పెద్ద అక్షరాలైతే కొంతకాలం కనిపిస్తాయి, కనిపించినన్నాళ్ళూ చదువుకోనివ్వండి, తరవాత చేయగలిగింది లేదన్నాడు.

అంటే బీరువాలో రెండు అరల పుస్తకాలున్నాయి, కళ్ళలో కొద్దిపాటి చూపుంది. ఈ చూపు అయిపోయేలోపు ఆ పుస్తకాల్లో ఎన్ని చదవగలిగితే అన్ని, అంతే. తిరుగు ప్రయాణంలో వసుమతి మనసులో వేసుకున్న లెక్క అది.

ఆమని చదివి వినిపిస్తానంది. రెండు రోజులు వినిపించింది కూడా. మూడోరోజు కథలో కొత్తగా పెళ్ళైన జంట కొబ్బరితోటలో ఒంటరిగా దొరికారు. అత్తగారి ముందు అది చదవలేక ఆమనికి, కోడలి నోట వినలేక బాలామణికి, ఇద్దరికీ ఒకేసారి వంటింట్లో పని గుర్తొచ్చింది. అసలు వినడం బాలామణికి నచ్చేది కాదు. కథలో తను ఆగాలనుకున్నచోట చదివేవాళ్ళు ఆగరట, తను పరుగెత్తాలనుకున్నచోట వాళ్ళు గుక్క తిప్పుకుంటారట.

అప్పుడు వసుమతి ఒక పని మొదలుపెట్టింది. కాలేజీ ప్రశ్నపత్రాల కోసం ఆమె కంప్యూటరు మీద తెలుగు టైపు నేర్చుకుని ఉంది. ఒక బైండు పుస్తకం ఇంటికి తెచ్చుకుని, వారానికి ఒక భాగం చొప్పున పెద్ద అక్షరాలతో టైపు చేసింది. ముందు కాగితాల మీద అచ్చు తీసి ఇస్తే, చిన్న భాగం కూడా కట్ట అయింది. ఫ్యాను వేస్తే ఇల్లంతా ఎగిరింది, వేయకపోతే చెమట పట్టింది. కంప్యూటరు తెర ముందు కూర్చోబెడితే ఆ వెలుతురుకి బాలామణి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ సమయంలోనే, రెండువేల ఏడులో, హైదరాబాదులో విదేశీ సరుకు అమ్మే ఒక షాపులో వసుమతికి ఈ-రీడరు కనిపించింది. పుస్తకమంత సైజు, లోపల దీపం లేదు. కాగితం మీద అచ్చులాగే నెమ్మదిగా అక్షరాలు తేలుతాయి, మీట నొక్కితే పేజీ తిరుగుతుంది. బాలామణి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అచ్చం బడిలో పలకలా ఉందే అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దాని పేరు పలక.

పలక మీద ఒకసారికి నాలుగైదు పంక్తులే పట్టేవి. అయినా బాలామణికి అవి కనిపించాయి. పడమటి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, మీట నొక్కుతూ, తనంతట తను, తన నడకలో చదువుకుంది. ఆగాలనుకున్నచోట ఆగింది. కొబ్బరితోట ఘట్టం రెండుసార్లు చదివానని వసుమతి చెవిలో మాత్రం చెప్పింది.

రెండేళ్ళకి కాస్త తక్కువగా ఇదే పద్ధతి నడిచింది. వారమంతా సాయంత్రాలు వసుమతి టైపు చేస్తుంది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కుతుంది, షాపులో సాయిప్రసాద్ బిల్లుల కంప్యూటరుకి పలక తగిలించి కొత్త భాగం ఎక్కిస్తుంది, మేడమీద భోంచేస్తుంది, చదివేసిన భాగం మీద మేనత్త వ్యాఖ్యానం వింటుంది, సాయంత్రం బస్సులో తిరిగొస్తుంది. ఒకసారి పరీక్ష పేపర్లు దిద్దే హడావుడిలో, సీరియల్ నాయిక సరోజ ఇంటికి వచ్చేచోట వాన వర్ణన ఉన్న పేరా ఒకటి టైపు చేయకుండా దాటేసింది. మరుసటి ఆదివారం బాలామణి ఆవకాయ అన్నం కలిపి పెడుతూ మెల్లిగా అడిగింది.

"సరోజ ఇంటికొచ్చి చీర పిండుకుంటోంది కదే, వాన ఎక్కడ కురిసింది?"

 ఆ తరవాత ఎంత పని ఉన్నా వసుమతి ఒక్క వాక్యం వదల్లేదు.

ఇక్కడ నేను వసుమతి పక్షాన ఒక మాట చెప్పాలి. వారానికి ఒక్కటే ఆదివారం. దాన్ని కూడా బస్సులో పోగొట్టుకునే మనిషికి విసుగు రాకుండా ఉండదు. ఆమెకి పెద్ద కోరికలు లేవు. ఆదివారం మధ్యాహ్నం తన ఇంట్లో, తన మంచం మీద, ఫ్యాను కింద నిద్రపోవాలని ఉండేది. అంతే. ఆ కోరిక ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి కూడా మరీ చిన్నదిగా ఉందని సిగ్గుపడింది.

రెండువేల ఎనిమిది చివర్లో హైదరాబాదు షాపువాడు ఫోను చేశాడు. కొత్త మోడలు వచ్చింది, పలచగా ఉంటుంది, పేజీ చకచకా తిరుగుతుంది, పాతదాంట్లో పట్టనివి ఎన్నో దీంట్లో పడతాయి, పాతది తెచ్చిస్తే తీసుకుంటామన్నాడు. వసుమతికి వెంటనే బీరువాలోని రెండు అరలూ గుర్తొచ్చాయి. టైపు అక్కర్లేదు. పుస్తకాలన్నీ విజయవాడ తీసుకెళ్ళి పేజీకి పేజీ స్కాన్ చేయిస్తే, మొత్తం బీరువా మేనత్త ఒళ్ళో ఉంటుంది. అట్లాంటి బరువైన ఫైళ్ళు పాత పలక మొయ్యలేదు, కొత్తది మోస్తుంది. అత్తయ్య వారానికి ఒక భాగం కోసం ఎదురు చూడక్కర్లేదు, ఎన్ని కావాలంటే అన్ని చదువుకోవచ్చు. స్టాఫ్‌రూములో చెబితే అందరం మెచ్చుకున్నాం. మేనకోడలంటే నువ్వేనన్నాం.

అందులో అబద్ధం ఏమీ లేదు, మేనత్త కోసం కొన్నదే. కాకపోతే ఇంకొక నిజం కూడా ఉంది. ఒకసారి అన్నీ ఎక్కించేస్తే ప్రతి ఆదివారం వెళ్ళక్కర్లేదు. షాపువాడి ఫోను పెట్టేసిన మరుక్షణం తనకి ముందుగా తోచింది ఆ నిజమేననీ, బీరువా సంగతి దాని వెనక వచ్చిందనీ వసుమతి నాకు బస్సులో చెప్పింది. అది చెప్పేటప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది.

డిసెంబరులో ఒక ఆదివారం పాత పలక తీసుకెళ్ళడానికి వచ్చింది. బాలామణి దాన్ని పైటకొంగుతో తుడిచి ఇస్తూ, దీన్ని ఏం చేస్తావని అడిగింది. షాపువాడు తీసుకుంటాడని వసుమతి చెప్పింది.

"సరోజ లాంచీ ఎక్కుతోందే ఇందులో. ఇప్పుడే ఒడ్డు నుంచి వేసిన బల్ల మీద కాలు పెట్టింది."

కొత్తదాంట్లో లాంచీతో సహా ఉంటుందిలే అత్తయ్యా అని వసుమతి నవ్వింది. అన్నమాట ప్రకారమే తరవాతి ఆదివారం స్కాన్ చేయించిన పుస్తకాలన్నీ ఎక్కించి కొత్త పలక తెచ్చి, గోదావరి మీద లాంచీ బొమ్మ ఉన్న ఆ పేజీయే వెతికి తెరిచి ఒళ్ళో పెట్టింది. వారపత్రికలో ఎట్లా అచ్చయిందో అట్లాగే, పసుపు మరకలతో సహా దిగింది. షాపులో నిలబడి తను చూసుకున్నప్పుడు ప్రతి అక్షరం ముత్యంలా కనిపించింది. తన కళ్ళతో చూసుకుంది. ఆ చూసుకోవడంలో పొరపాటు ఉందని ఆమెకి ఆరోజు తట్టలేదు.

బాలామణి దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎంత పలచగా ఉందో చూడవే అని ఆమనిని పిలిచి చూపించింది. కింద షాపుకి దిగి సాయిప్రసాద్‌కీ, మిర్చి బేరానికి వచ్చిన ఇద్దరు ముగ్గురికీ చూపించింది. మా పుట్టింటివాళ్ళు తెచ్చారని చెప్పింది. వసుమతి ఆ సాయంత్రం బస్సులో తృప్తిగా కూర్చుంది. చిలకాకుపచ్చ చీర ఆమెకి గుర్తు రాలేదు.

తరవాత వారం వెళ్ళలేదు. ఆ పై వారం సంక్రాంతి సెలవుల హడావుడి. ఆదివారం మధ్యాహ్నం నిద్ర ఎంత బాగుంటుందో ఆమెకి తెలిసింది. మధ్యమధ్య ఫోను చేసేది. చదువుతున్నావా అని అడిగితే, ఆఁ, చదువుతున్నా అనేది బాలామణి. సరోజ ఏమైందని ఒకసారి అడిగింది.

"ఇంకా లాంచీ దగ్గరే ఉందిలే."

అంత నెమ్మదిగానా అని వసుమతి నవ్వేసింది. వయసు కదా, తీరిగ్గా చదువుకుంటోంది పాపం అనుకుంది. ఉగాదికి వెళ్ళాలనుకుంది, పరీక్షల డ్యూటీ పడింది. వేసవిలో వెళ్ళాలనుకుంది, వడగాడ్పులు. వెళ్ళకపోవడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేకుండా వాటంతట అవే వచ్చాయి.

జూన్‌లో జగ్గయ్యపేటలో ఒక పెళ్ళి తగిలింది. భోజనాలయ్యాక చెప్పకుండానే మేనత్త ఇంటికి వెళ్ళింది. మేడమెట్లెక్కి, గుమ్మంలోనే ఆగిపోయింది. పడమటి కిటికీ పక్కన బాలామణి కుర్చీలో ఉంది. ఒళ్ళో కొత్త పలక ఉంది. తలవంచి దానివైపే చూస్తోంది. కాసేపటికి బొటనవేలితో మీట నొక్కింది. మళ్ళీ కాసేపటికి నొక్కింది. వసుమతికి ఎంతో హాయిగా అనిపించి, చప్పుడు చేయకుండా వెనకనించి వెళ్ళి భుజం మీదుగా తొంగిచూసింది.

గోదావరి మీద లాంచీ బొమ్మ. తను డిసెంబరులో తెరిచిపెట్టిన పేజీ.

బాలామణి మళ్ళీ మీట నొక్కింది. పేజీ కదల్లేదు. ఆ రకం యంత్రానికి ఒక గుణం ఉంది, ఛార్జింగు అయిపోయినా ఆఖరున తెరిచిన పేజీ అచ్చేసినట్టు అట్లాగే ఉండిపోతుంది. వసుమతి కిటికీ గూట్లోకి చూసింది. పలక వచ్చిన అట్టపెట్టె అక్కడే ఉంది. మూత తీస్తే ఛార్జింగు తీగ కొన్ననాటి చుట్ట చుట్టినట్టే, మెడకి వేసిన కట్టుతో సహా ఉంది. డిసెంబరు నుంచీ ఎవరూ విప్పలేదు.

"ఎవరూ? వసూనా? ఎంతసేపయిందే వచ్చి?" అంది బాలామణి తల తిప్పి. చీర అంచు చూసి పోల్చుకుందట. పలక మీద చెయ్యి ఆనించి, "కథ మంచి పట్టులో ఉంది. నువ్విచ్చినప్పటి నుంచీ ఇదే పని" అంది.

వసుమతి మంచినీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి వెళ్ళింది. ఆమె ముఖం చూడగానే ఆమని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొదటివారమే అక్షరాలు పెద్దవి చెయ్యమన్నారు అక్కయ్యా. చేశా. పెద్దవి చేస్తే వాక్యం తెరలోంచి బయటికి పోతోంది. మీటలతో జరుపుకుంటూ పోవాలి. ఒక ముక్క చదివేసరికి రెండోది ఎక్కడుందో కనపడదు ఆవిడకి. రెండురోజులు కుస్తీ పట్టి వదిలేశారు. నీకు ఫోను చేస్తానంటే వద్దని ఒట్టు వేయించుకున్నారు."

మరి రోజూ ఒళ్ళో ఎందుకు పెట్టుకుంటుందని వసుమతి అడిగింది. నువ్వెప్పుడు వస్తావో తెలియదు కదా అని ఆమని చెప్పింది. వచ్చేసరికి చేతిలో లేకపోతే నువ్వు బాధపడతావటని చెప్పింది.

వసుమతి ఆరోజు మేనత్తతో ఏమీ అనలేదు. చదివినంతవరకూ కథ చెప్పమని అడిగితే ఆవిడ ఏదో ఒకటి అల్లి చెబుతుందేమోనని భయపడి, అదీ అడగలేదు. కాఫీ తాగి బస్సెక్కింది. తప్పు చేశానన్న బాధ కంటే, తన కోసం ఒక ముసలావిడ ఇన్ని నెలలు ఉత్త మీట నొక్కుతూ కూర్చుందన్న సిగ్గు ఆమెని ఎక్కువ కుదిపింది. అయినా అందులోనే ఒక ఆశ కూడా పుట్టింది. దారి తెలిసిందే కదా. మళ్ళీ టైపు చేస్తే సరిపోతుంది. కొత్త పలకలో పెద్ద అక్షరాలు ఎందుకు కనపడవు? ఆ వారమంతా కాలేజీలో ఖాళీ పీరియడు దొరికితే కంప్యూటరు గదిలోనే ఉంది. మునుపటికంటే పెద్ద అక్షరాలు పెట్టింది. లాంచీ కదిలిన దగ్గర్నుంచి తరవాతి భాగం మొత్తం టైపు చేసింది. ఒక్క వాక్యం వదల్లేదు.

ఆదివారం వెళ్ళి, పలకకి ఛార్జింగు పెట్టి, ఎక్కించి, మేనత్త చేతికిచ్చింది. నాకంతా తెలుసు అత్తయ్యా, ఇదిగో పాతదాంట్లో లాగే చేసి తెచ్చా అంది. బాలామణి ముందు సిగ్గుపడింది, తరవాత ఆమనివైపు కోపంగా చూసింది. ఆ తరవాత పలక దగ్గరగా పట్టుకుంది. దూరంగా పట్టుకుంది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తల పక్కకి వంచి, కంటి చివరతో చూసింది.

"బాగుందే" అంది.

"మొదటి వాక్యం చదువు అత్తయ్యా."

బాలామణి పలకని ఒళ్ళోకి దించుకుంది. కొంగుతో దాని అంచు తుడవడం మొదలుపెట్టింది. అక్కడ దుమ్మేమీ లేదు. ఆమని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. కింద షాపులో ఎవరో బస్తా దించిన చప్పుడు వినిపించింది.

"ఉగాది దాకా పెద్దవి కనపడేవే" అంది చివరికి. "క్యాలెండరు మీద అంకెలు, షాపు బోర్డు, ఇట్లాంటివి. ఎండలు ముదిరాక అవీ పోయాయి. ఇప్పుడు నీ మొహం కూడా మధ్యలో లేదు."

వసుమతికి లెక్క అర్థమైంది. కామర్సు చదువుకున్న మనిషి, అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? డిసెంబరు నుంచి ఉగాది దాకా కళ్ళున్నాయి, అక్షరాలు లేవు. ఇప్పుడు అక్షరాలున్నాయి. డాక్టరు చెప్పిన ఆ కొద్దిపాటి కాలాన్ని తను మంచం మీద, ఫ్యాను కింద నిద్రపోయి ఖర్చు పెట్టేసింది.

"నా ఆదివారాలు నాకు కావాలనిపించింది అత్తయ్యా. అందుకే కొన్నా దాన్ని."

"తెలుసులేవే" అంది బాలామణి.

"తెలిసి కూడా చెప్పలేదేం? ఒక్కమాట అంటే మళ్ళీ టైపు చేసేదాన్ని కదా."

"పుట్టింటి నుంచి వచ్చినదానికి వంక పెడతానా?" అంది. ఎప్పుడో మెడకి కొబ్బరినూనె రాయించుకుంటూ అన్న గొంతుతోనే అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదని వసుమతి నాతో చెప్పింది. తిట్టినా ఏడ్చినా కాళ్ళమీద పడడానికి ఒక దారి దొరికేది.

 బాలామణి పలకని మేనకోడలి చేతిలో పెట్టింది. తను కుర్చీలో వెనక్కి వాలి, చదవమంది. ఒకరు చదివితే వినడం ఇష్టం లేని మనిషి ఆ మాట అడిగింది. వసుమతి తను టైపు చేసి తెచ్చిన మొదటి వాక్యం మొదలుపెట్టింది. లాంచీ ఒడ్డు వదిలింది అని చదవగానే బాలామణి చెయ్యెత్తి ఆపింది.

"అక్కడి నుంచి కాదు. అది ఇంకా ఎక్కలేదు. వెనక్కి వెళ్ళు."

వసుమతి ఆ ఫైలు మూసి, డిసెంబరులో ఎక్కించిన పాత పేజీ వెతికింది. లాంచీ బొమ్మ, దాని కింద సన్నని అచ్చు. తన కళ్ళకి ఇప్పుడూ ప్రతి అక్షరం ముత్యంలాగే కనిపించింది. ఆ కనిపించడం ఆమె ఓర్చుకోలేకపోయింది. ఎక్కడి నుంచి అత్తయ్యా అని ఎట్లాగో అడిగింది.

"ఒక కాలు బల్ల మీద, ఒక కాలు ఒడ్డున. డిసెంబరు నుంచీ దాన్ని అట్లాగే నిలబెట్టా, పాపం కాళ్ళు ఎంత పీకుతున్నాయో దానికి" అంది బాలామణి, కళ్ళు మూసుకుంటూ. "నెమ్మదిగా చదువు. వాన వస్తే మాత్రం దాటెయ్యకు."